జుట్టు రాలడం

జుట్టు రాలడం అనగా తలమీది వెంట్రుకలు మామూలుగా రాలవలసిన దానికంటె ఎక్కువగా రాలడం, లేదా రాలిన వాటి స్థానంలో కొత్త వెంట్రుకలు సరిగా మొలవకపోవడం. వైద్యశాస్త్రంలో దీనిని అలోపీషియా అంటారు. ఇది ఒక వ్యాధి పేరు కాదు. జ్వరం, దగ్గు వలె అనేక కారణాల వలన కలిగే ఒక లక్షణం. ఈ కారణాలలో కొన్ని ఏ మందూ లేకుండానే కొద్ది నెలలలో సర్దుకుంటాయి. కొన్ని ఏళ్ళ తరబడి నెమ్మదిగా సాగుతాయి. మందు వాడినంత కాలమే అదుపులో ఉంటాయి. మరికొన్నింటిలో చికిత్స ఆలస్యమైతే వెంట్రుక కుదుళ్ళు శాశ్వతంగా నశిస్తాయి. అందుచేత "ఏ మందు మంచిది?" అని అడిగే ముందు "ఇది ఏ రకం?" అన్నది తేలాలి.

పేర్లు

నుదుటి నుండి గాని, నడినెత్తి నుండి గాని క్రమంగా జుట్టు పోయిన తలను తెలుగులో బట్టతల అంటారు. నాణెం ఆకారంలో అక్కడక్కడ జుట్టు ఊడిపోవడాన్ని పేనుకొరుకుడు అంటారు. ఈ రెండూ వేరువేరు వ్యాధులని వాడుక భాష ఏనాడో గుర్తించింది. సంస్కృతంలో బట్టతల గలవానిని ఖల్వాటుడు అంటారు. ఆయుర్వేదంలో ఖాలిత్యం, ఇంద్రలుప్తం అనే పేర్లు జుట్టు రాలడానికి, పాలిత్యం అనే పేరు జుట్టు నెరవడానికి వాడబడ్డాయి. అలోపీషియా అనే మాట నక్క అనే అర్థం గల గ్రీకు పదం నుండి వచ్చింది. గజ్జి సోకిన నక్కకు బొచ్చు ఊడిపోవడం ఈ పేరుకు మూలం.

వెంట్రుక పెరిగే తీరు

పైకి కనిపించే వెంట్రుక కెరటిన్ అనే మాంసకృత్తుతో ఏర్పడిన నిర్జీవ పదార్థం. జీవం ఉన్నది చర్మం లోపలి కుదురులో. తలపై సుమారు 1,00,000 కుదుళ్ళు ఉంటాయి. పుట్టిన తరువాత కొత్త కుదుళ్ళు ఏర్పడవు. ప్రతి కుదురూ మూడు దశలను మళ్ళీ మళ్ళీ దాటుతుంది.

* పెరుగుదల దశ (అనాజెన్): 2 నుండి 6 సంవత్సరాలు. వెంట్రుక నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది. ఏ సమయంలోనైనా తలమీది వెంట్రుకలలో 85 నుండి 90 శాతం ఈ దశలో ఉంటాయి.
* మార్పు దశ (కాటజెన్): 2 నుండి 3 వారాలు. పెరుగుదల ఆగి కుదురు ముడుచుకుంటుంది.
* విశ్రాంతి దశ (టెలోజెన్): సుమారు 3 నెలలు. దీని చివర పాత వెంట్రుక రాలిపోయి, అదే కుదురు నుండి కొత్తది మొలుస్తుంది.

ఈ లెక్కన రోజుకు 50 నుండి 100 వెంట్రుకలు రాలడం సహజమే. నాలుగు రోజులకు ఒకసారి తలంటుకునే వారికి ఆ నాలుగు రోజుల వెంట్రుకలూ ఒక్కసారిగా చేతికి రావచ్చును. రాలిన వెంట్రుక చివర కనిపించే చిన్న తెల్లని గడ్డను చూసి "వేరుతో సహా ఊడిపోయింది" అని పలువురు భయపడతారు. అది విశ్రాంతి దశ పూర్తయిన వెంట్రుక కొస మాత్రమే. కుదురు చర్మంలోనే ఉంటుంది. కుదురు బ్రతికి ఉన్నదా, చిన్నదైపోయిందా, నశించిందా అన్న దానిమీదే చికిత్స ఫలితం ఆధారపడుతుంది.

రకాలు, కారణాలు

వంశపారంపర్య బట్టతల

అన్నింటికంటె ఎక్కువగా కనిపించే రకం ఇదే. పురుషులలో కణతల వద్ద, నడినెత్తిన జుట్టు పలచబడుతుంది. స్త్రీలలో ముందు వరుస సాధారణంగా నిలిచి ఉండి, పాపిడి వెడల్పవుతుంది. పురుషులలో దీని తీవ్రతను కొలవడానికి హామిల్టన్ రూపొందించి, 1975లో నార్వుడ్ సవరించిన పట్టికను, స్త్రీలలో 1977 నాటి లుడ్విగ్ పట్టికను వాడుతారు.

యుక్తవయసుకు ముందే వృషణాలు తొలగించబడిన పురుషులకు బట్టతల రాదనీ, వారిలో వంశలక్షణం ఉన్నవారికి టెస్టోస్టిరాన్ ఇస్తే వస్తుందనీ అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ హామిల్టన్ 1942లో చూపాడు. అంటే హార్మోను ఒక్కటే చాలదు, వంశలక్షణం ఒక్కటే చాలదు, రెండూ కలవాలి. టెస్టోస్టిరాన్ ఒక ఎంజైము వలన డైహైడ్రోటెస్టోస్టిరాన్‌గా మారుతుంది. వంశలక్షణం గల కుదుళ్ళపై ఇది పనిచేసినప్పుడు పెరుగుదల దశ ఏటేటా కుదించుకుపోయి, దళసరి వెంట్రుక స్థానంలో సన్నని నూగు వెంట్రుక మొలుస్తుంది. కాబట్టి ఈ రకంలో అసలు సమస్య వెంట్రుకలు ఎక్కువగా రాలడం కంటె, వచ్చేవి క్రమంగా సన్నబడడం.

స్త్రీలలో నెలసరి క్రమం తప్పడం, మొటిమలు, గడ్డం మీద వెంట్రుకలు కూడా ఉంటే అండాశయాలలో నీటితిత్తుల సమస్య (పీసీఓఎస్) ఉన్నదేమో పరీక్షించవలసి ఉంటుంది.

జ్వరం, కాన్పు తరువాత రాలడం

టైఫాయిడ్, డెంగీ, కోవిడ్ వంటి తీవ్ర జ్వరాలు, కాన్పు, పెద్ద శస్త్రచికిత్స, అతిగా కడుపు మాడ్చుకోవడం వంటి వాటి తరువాత చాలా కుదుళ్ళు ఒకేసారి విశ్రాంతి దశలోకి వెళ్ళిపోతాయి. దీనిని టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. అమెరికా చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ 1961లో దీనిని వర్ణించాడు. విశ్రాంతి దశ సుమారు 3 నెలలు కనుక, జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు గుప్పెళ్ళుగా రాలుతుంది. ఈ వ్యవధి కారణంగా అసలు కారణం మరపున పడి, కొత్తగా మార్చిన సబ్బు మీదకో, కొత్త ఊరి నీళ్ళ మీదకో నింద పోతుంది. హాస్టలులో చేరిన విద్యార్థులు "నీళ్ళు పడలేదు" అనుకునే సందర్భాలలో కొన్నిటికి అసలు కారణం అంతకుముందు వచ్చిన జ్వరమో, సరిగా తినకపోవడమో కావచ్చును.

ఇందులో కుదుళ్ళు నశించవు. కారణం తొలగితే సాధారణంగా ఆరు నెలలలో రాలడం తగ్గి, జుట్టు మళ్ళీ వస్తుంది. రక్తహీనత, ఇనుము లోపం, థైరాయిడ్ లోపం, కొన్ని మందులు కూడా ఈ విధంగా జుట్టు రాలేటట్లు చేస్తాయి.

పేనుకొరుకుడు (అలోపీషియా ఏరియేటా)

తలపై గాని, గడ్డంలో గాని, కనుబొమలలో గాని గుండ్రని మచ్చలుగా, నున్నగా జుట్టు ఊడిపోతుంది. కొందరిలో గోళ్ళపై చిన్న గుంటలు పడతాయి. అరుదుగా తలంతా, ఒళ్ళంతా వెంట్రుకలు పోవచ్చును. ఏదో పురుగు రాత్రిపూట కొరకడం వలన ఇలా అవుతుందని ప్రజలలో నమ్మకం. నిజానికి ఇందులో పేను గాని, మరే పురుగు గాని లేదు. శరీర రక్షణ వ్యవస్థ పొరపాటున తన కుదుళ్ళపైనే దాడి చేయడం దీనికి కారణం. ఇది అంటువ్యాధి కాదు. ఈ పిల్లలను బడిలో దూరంగా కూర్చోబెట్టవలసిన అవసరం ఎంత మాత్రం లేదు.

ఒకటి రెండు మచ్చలు మాత్రమే ఉన్నవారిలో చాలామందికి ఏడాది లోపల జుట్టు దానంతట అదే వస్తుంది. గురివింద గింజను అరగదీసి పూయడం ఊళ్ళలో వాడుక. గురివింద గింజ విషపూరితమని, కడుపులోకి పోతే ప్రాణాపాయమని గుర్తుంచుకోవాలి.

మచ్చపడే రకాలు

లైకెన్ ప్లానోపైలారిస్, డిస్కాయిడ్ లూపస్ వంటి వ్యాధులలో కుదురు చుట్టూ వాపు వచ్చి, కుదురు నశించి, దాని స్థానంలో మచ్చ కణజాలం ఏర్పడుతుంది. నుదుటిపై జుట్టు అంచు వెనక్కు జరిగే మరొక రకాన్ని 1994లో ఆస్ట్రేలియా వైద్యుడు స్టీవెన్ కొసార్డ్ వర్ణించాడు. ఇది ఎక్కువగా నెలసరి ఆగిన స్త్రీలలో వస్తుంది. పోయిన కుదురు తిరిగి రాదు కనుక, ఈ రకాలలో చికిత్స లక్ష్యం మిగిలిన జుట్టును కాపాడడమే. నెలల తరబడి నూనెలు మార్చి మార్చి చూస్తూ గడపడం వలన ఎక్కువ నష్టపోయేది ఈ రకం వారే.

ఇతర కారణాలు

* బిగుతు జడలు, కొప్పులు, బరువైన సవరాలు ఏళ్ళ తరబడి లాగడం వలన నుదుటి అంచున, కణతల వద్ద జుట్టు పోవడం. మొదట్లో మానుకుంటే తిరిగి వస్తుంది, ఆలస్యమైతే రాదు.
* పిల్లల తలలో తామర. పొలుసులు, విరిగిన వెంట్రుకలు కనిపిస్తాయి. ఇది అంటుకుంటుంది. పైపూత చాలదు, లోపలికి మందు వాడాలి.
* తెలిసీ తెలియక తన వెంట్రుకలను తానే పీక్కునే అలవాటు (ట్రైకోటిల్లోమానియా). దీనికి మందలింపు కాదు, మానసిక వైద్యుని సహాయం కావాలి.
* క్యాన్సరు మందులు. ఇవి పెరుగుదల దశనే దెబ్బతీస్తాయి గనుక రెండు మూడు వారాలలోనే జుట్టు ఊడుతుంది. చికిత్స ముగిశాక చాలామందికి తిరిగి వస్తుంది.
* విటమిన్ ఎ, సెలీనియం మోతాదు మించడం. జుట్టు కోసమని మింగే మాత్రలే అతి అయితే జుట్టు రాలడానికి కారణం కాగలవు.

నిర్ధారణ

చర్మవైద్యుడు మొదట గడచిన ఆరు నెలల ఆరోగ్య చరిత్రను, వాడుతున్న మందులను, కుటుంబ చరిత్రను తెలుసుకుంటాడు. సుమారు 50 వెంట్రుకలను వేళ్ళ మధ్య పట్టి మెల్లగా లాగి ఎన్ని ఊడతాయో చూస్తాడు. డెర్మోస్కోపు అనే భూతద్దంతో వెంట్రుకల మందాన్ని, కుదుళ్ళ రంధ్రాలను పరిశీలిస్తాడు. అవసరమైతే హిమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్ పరీక్షలు చేయిస్తాడు. మచ్చపడే రకం అనుమానం ఉంటే చిన్న చర్మపు ముక్క తీసి పరీక్షకు పంపుతాడు.

క్రింది లక్షణాలు ఉన్నవారు ఆలస్యం చేయకుండా వైద్యుని చూడాలి.

* మాడు మంట, నొప్పి, తీవ్రమైన దురద, చీము.
* జుట్టు పోయిన చోట రంధ్రాలు కూడా కనిపించకుండా చర్మం నున్నగా మెరవడం.
* పిల్లలలో పొలుసులతో కూడిన మచ్చలు.
* అతి తక్కువ కాలంలో మచ్చలు వేగంగా పెరగడం.

చికిత్సలు

మినాక్సిడిల్

ఇది మొదట రక్తపోటు మాత్రగా వచ్చింది. దానిని వాడిన రోగులకు ఒంటిపై వెంట్రుకలు పెరగడం గమనించి తలకు పూసే ద్రావణంగా తయారుచేశారు. అమెరికాలో 1988లో పురుషులకు, తరువాత స్త్రీలకు అనుమతి లభించింది. ఇది పెరుగుదల దశను పొడిగిస్తుంది. మొదటి వారాలలో పాత వెంట్రుకలు రాలడం ఎక్కువ కావచ్చును. దీనికి భయపడి మానివేసేవారు ఎక్కువ. ఫలితం తెలియడానికి 4 నుండి 6 నెలలు పడుతుంది. మానివేస్తే వచ్చిన లాభం కొద్ది నెలలలో పోతుంది. తక్కువ మోతాదు మాత్రలను కూడా వైద్యులు ఇస్తున్నారు. వాటి వలన పాదాల వాపు, గుండెదడ, ముఖంపై వెంట్రుకలు రావచ్చును కనుక సొంతంగా వాడరాదు.

ఫినాస్టెరైడ్

డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టుకతోనే డైహైడ్రోటెస్టోస్టిరాన్ తయారీ లోపించిన కొన్ని కుటుంబాలపై జూలియాన్ ఇంపెరాటో-మెగిన్లీ బృందం 1974లో పరిశోధన ప్రకటించింది. ఆ మగవారిలో ప్రోస్టేట్ గ్రంథి చిన్నదిగా ఉండేది, బట్టతల కనిపించేది కాదు. ఆ ఎంజైమును అడ్డుకునే ఫినాస్టెరైడ్ 1992లో ప్రోస్టేట్ వాపుకు, 1997లో రోజుకు 1 మిల్లీగ్రాము మోతాదులో పురుషుల బట్టతలకు అమెరికాలో అనుమతి పొందింది. ఇది ఉన్న జుట్టును నిలపడంలో బాగా పనిచేస్తుంది. కొందరికి కొంత జుట్టు తిరిగి వస్తుంది. కొద్దిమందికి లైంగిక వాంఛ, సామర్థ్యం తగ్గుతాయి. ఆత్మహత్య ఆలోచనలు దీని దుష్ఫలితాలలో ఒకటని ఐరోపా ఔషధ సంస్థ 2025లో నిర్ధారించింది. మనసులో మార్పు కనిపిస్తే మందు ఆపి వైద్యునికి చెప్పాలి. ప్రోస్టేట్ క్యాన్సరు పసిగట్టే పీఎస్ఏ పరీక్ష విలువను ఇది సుమారు సగానికి తగ్గిస్తుంది. పరీక్షకు ముందు ఆ సంగతి తెలుపవలెను. గర్భిణులు ఈ మాత్రను వాడరాదు, విరిగిన మాత్రను తాకరాదు.

వెంట్రుకల మార్పిడి

తల వెనుక భాగపు కుదుళ్ళు హార్మోనుకు లొంగవు. వాటిని ముందుకు మార్చినా ఆ గుణాన్ని నిలుపుకొంటాయని న్యూయార్కు వైద్యుడు నార్మన్ ఓరెన్‌ట్రైక్ 1959లో ప్రకటించాడు. నేటి శస్త్రచికిత్సలన్నిటికీ ఇదే ఆధారం. వెనుకనుండి చర్మపు పట్టీని తీసి కుదుళ్ళను వేరుచేయడం ఒక పద్ధతి. కుదుళ్ళను ఒక్కొక్కటిగా తీయడం మరొక పద్ధతి. నాటిన వెంట్రుకలు మొదటి వారాలలో రాలి, మూడు నాలుగు నెలల తరువాత మొలుస్తాయి. పూర్తి ఫలితానికి 9 నుండి 12 నెలలు పడుతుంది.

ఇది కొత్త జుట్టును పుట్టించదు. ఉన్న దానిని చోటు మారుస్తుంది. వెనుక ఉన్న నిల్వ పరిమితం. చిన్న వయసులోనే తొందరపడితే నాటిన వరుస నిలిచి, దాని వెనుకనున్న సొంత జుట్టు పోతూ ఉంటుంది. శిక్షణ పొందిన రిజిస్టర్డు వైద్యుడే ఈ పని చేయాలనీ, వర్క్‌షాపులలో గాని యూట్యూబులో గాని చూడడం శిక్షణ కాదనీ భారత జాతీయ వైద్య కమిషన్ 2022లో స్పష్టం చేసింది. మత్తుమందు కూడా ఇమిడి ఉన్న శస్త్రచికిత్స ఇది. క్షౌరశాల పని కాదు.

పేనుకొరుకుడుకు చికిత్స

కొద్ది మచ్చలకు స్టెరాయిడ్ సూదిమందును మచ్చలోనే ఇస్తారు. తీవ్రమైన రకానికి జాక్ నిరోధకాలు అనే మందులు వచ్చాయి. అమెరికాలో బారిసిటినిబ్ 2022లో, రిట్లెసిటినిబ్ 2023లో అనుమతి పొందాయి. ఇవి రక్షణ వ్యవస్థను అణచుతాయి గనుక ముందుగా క్షయ వంటి అంటురోగాల పరీక్ష తప్పనిసరి. మానివేస్తే వ్యాధి తిరగబెట్టడం సాధారణం.

ఇతర పద్ధతులు

రోగి రక్తం నుండి తీసిన ప్లేట్‌లెట్ల ద్రవాన్ని మాడులోకి ఎక్కించడం (పీఆర్పీ) కొన్ని పరిశోధనలలో ఫలితం చూపింది. అయితే తయారీ విధానం ఒక్కొక్క చోట ఒక్కొక్క రకంగా ఉండడం వలన ఒకచోటి ఫలితం మరొకచోట వస్తుందని చెప్పలేము. లోపం లేనివారికి బయోటిన్ మాత్రలు జుట్టు పెంచుతాయనడానికి తగిన ఆధారం లేదు. పైగా అవి థైరాయిడ్, గుండెపోటు రక్త పరీక్షల ఫలితాలను తప్పుగా చూపించగలవు.

విగ్గు, సవరం, పొట్టిగా కత్తిరించుకోవడం, గుండు వంటివి కూడా తగిన మార్గాలే. వంశపారంపర్య బట్టతల ప్రాణాపాయం కాదు. చికిత్స వద్దనుకోవడం కూడా సరైన నిర్ణయమే కావచ్చును.

చికిత్సను అంచనా వేయడం

జ్వరం తరువాత రాలిన జుట్టు ఆరు నెలలలో దానంతట అదే వస్తుంది. పేనుకొరుకుడు మచ్చ కూడా తరచు దానంతట అదే పూడుతుంది. జుట్టు బాగా రాలుతున్న రోజులలోనే మనిషి మందు కోసం వెదుకుతాడు. ఆ తరువాత ఏ నూనె రాసినా, ఏ ఆకు పూసినా జుట్టు వస్తుంది. పేరు మాత్రం ఆ నూనెకు దక్కుతుంది. "మా చుట్టాలకు తగ్గింది" అనే మాట అబద్ధం కాదు. కాని అది మందు పనిచేసిందనడానికి రుజువు కూడా కాదు.

అందువలననే పరిశోధకులు రోగులను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు మందు, రెండవ గుంపుకు మందు లేని అదే రకం ద్రావణం ఇస్తారు. ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ, ఫలితం లెక్కించేవారికీ తెలియనివ్వరు. రెండు గుంపుల మధ్య తేడా మాత్రమే మందు గొప్పతనం. ఒక చికిత్సను ఎంచుకునే ముందు ఈ ప్రశ్నలు వేసుకోవడం మంచిది.

* నాకున్నది ఏ రకం? ఎవరు, ఎలా నిర్ధారించారు?
* మందు వాడకపోతే ఏమవుతుంది?
* ఫలితం ఎన్ని నెలలకు తెలుస్తుంది? మానివేస్తే ఏమవుతుంది?
* దుష్ఫలితాలు ఏమిటి? అవి మందు మానితే పోతాయా?
* మొత్తం ఖర్చు ఎంత? ఉదాహరణకు నెలకు 600 రూపాయల మందు ఏడాదికి 7,200, పదేళ్ళకు 72,000 రూపాయలు అవుతుంది.

అద్దంలో రోజూ చూసుకుంటే మార్పు తెలియదు. మూడు నెలలకు ఒకసారి అదే చోట, అదే వెలుతురులో, అదే పాపిడితో తీసిన ఛాయాచిత్రాలను పోల్చడం నమ్మకమైన పద్ధతి. ప్రకటనలలోని "ముందు, తరువాత" చిత్రాలలో వెలుతురు, దువ్విన తీరు మారి ఉండవచ్చునని గమనించాలి.

భారతదేశంలో 1945 నాటి ఔషధ నిబంధనలలోని షెడ్యూల్ జె, మందులు నయం చేస్తాయని చెప్పుకోరాని వ్యాధుల జాబితాను ఇస్తుంది. అందులో బట్టతల ఉంది. కాబట్టి బట్టతలను పూర్తిగా నయం చేస్తామని హామీ ఇచ్చే ప్రకటనను ఆ హామీ కారణంగానే అనుమానించాలి.

అపోహలు

* గుండు చేయించుకుంటే జుట్టు ఒత్తుగా వస్తుంది: రాదు. తిరుమలలో తలనీలాలు ఇచ్చినవారికి మునుపటి జుట్టే తిరిగి వస్తుంది. కత్తి పైకి ఉన్న వెంట్రుకనే తీస్తుంది, కుదురును తాకదు. కోసిన వెంట్రుక కొస మొద్దుగా ఉండడం వలన గరుకుగా, ఒత్తుగా తోస్తుంది.
* బట్టతల మేనమామ పోలికే: తల్లి నుండి వచ్చే ఎక్స్ క్రోమోజోముపై ఒక ముఖ్యమైన జన్యువు ఉన్న మాట నిజం. కాని బట్టతలకు సంబంధించిన జన్యుభాగాలు అనేకం. అవి తండ్రి వైపు నుండి కూడా వస్తాయి.
* నూనె రాయకపోతే జుట్టు ఊడుతుంది: కొబ్బరినూనె వెంట్రుక విరగకుండా కాపాడుతుంది. గుంటగలగరాకు, మందారం కాచిన నూనెలు కూడా జుట్టును మృదువుగా ఉంచుతాయి. హార్మోను వలన సన్నబడిన కుదురును మాత్రం ఇవి లావు చేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు.
* టోపీ, హెల్మెట్ వలన బట్టతల వస్తుంది: రాదు. హెల్మెట్ మానివేయడం వలన కలిగే ప్రమాదం మాత్రం నిజమైనది.

సమాజంలో

భర్తృహరి నీతిశతకంలో ఎండకు తాళలేక చెట్టు నీడకు పోయిన బట్టతలవాని నెత్తిన కాయ పడిన కథ ఉంది. విధి బలీయమని చెప్పడానికి కవి దానిని వాడుకున్నాడు. బట్టతల నాటకాలలో, చలనచిత్రాలలో తరచు హాస్యానికి వస్తువైంది. ఆ హాస్యం పెళ్ళిచూపులలో నిలబడిన యువకునికీ, తలపై కొంగు తీయలేని యువతికీ, పేనుకొరుకుడు ఉన్న బడిపిల్లవానికీ హాస్యంగా ఉండదు. దిగులు, బయటకు రావడానికి సంకోచం ఈ రోగులలో సాధారణం. తొందరపాటు చికిత్సలకు, అప్పు చేసి మరీ పెట్టే ఖర్చులకు దారితీసేది చాలాసార్లు ఆ దిగులే. కనుక రోగి మనసును గుర్తించి మాట్లాడడం కూడా చికిత్సలో భాగమని వైద్యులు భావిస్తున్నారు.

ఇవి కూడా చూడండి

* వెంట్రుక
* చుండ్రు
* తామర
* తలనీలాలు